బెత్తెడు పొద్దు

ఒంటి సీటు విమానం. ముందు అద్దం నిండా పడమటి ఎండ. లోపలి మనిషి ఒక చేత్తో కంట్రోలు పట్టుకుని, రెండో చేయి బారచాచి, బొటనవేలు మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి అడ్డంగా పట్టాడు. చిటికెనవేలి అంచు సముద్రపు గీత మీద ఆనాలి. చూపుడువేలి మీద సూర్యుడు కూర్చోవాలి. విమానం ఊగుతోంది, దాంతో చేయీ ఊగుతోంది. మళ్ళీ సరిచూసుకుని రేడియోలో చెప్పాడు: నాలుగు వేళ్ళు.

వందల మైళ్ళ అవతల, దానికి ఎన్నో రెట్లు పెద్ద విమానంలో మరో మనిషి అదే పని చేసి చూసుకున్నాడు. ఆయనకు వచ్చినవి రెండు వేళ్ళే.

1978 డిసెంబరు 22, సాయంత్రం. దక్షిణ పసిఫిక్. ఆ చిన్న విమానంలోని మనిషి రేపు పొద్దున్న బతికుంటాడా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఆ రెండు వేళ్ళ తేడా దగ్గర మొదలైంది.

మనకిదేమీ కొత్త కొలత కాదు. బారెడు పొద్దెక్కినా మంచం దిగలేదని పిల్లల్ని తిట్టే ఇళ్ళలో పెరిగాం. నాలుగు వేళ్ళ వెడల్పును బెత్తెడు అంటాం. జానెడు పొద్దుండగా గొడ్లను ఇంటికి మళ్ళించే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అయితే మన తాతలు చేయి చాచి తెలుసుకున్నది వేళ. ఆ ఇద్దరూ తెలుసుకోవాలనుకున్నది దూరం. వేళ చెబితే దూరం దొరుకుతుందన్న సంగతి ఇప్పుడు మనం మర్చిపోయాం. రెండు విమానాశ్రయాల పేర్లు ఫోన్లో కొడితే ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని రెండు అంకెలు పక్కపక్కన వచ్చి పడతాయి. ఆ రెండూ ఒకే నూలుపోగుకు రెండు కొసలన్నది ఆ తెర మీద కనిపించదు.

ఈ కథలో మాటలు నేను కూర్చినవి. లెక్కలు మాత్రం వాళ్ళవే. లెక్కను విడమరిచి చెప్పాల్సి వచ్చినచోట కాగితం, పెన్సిలు నావి.

*

అతని పేరు జే ప్రాక్నౌ. అమెరికా నేవీలో పైలట్‌గా చేసి బయటికి వచ్చినవాడు. కొత్త విమానాలను కొన్నవాళ్ళ ఇంటికి చేర్చడం ఇప్పుడతని పని. ఫెర్రీ పైలట్ అంటారు. ఈసారి చేర్చాల్సింది సెస్నా 188. పొలాల మీద పురుగుమందు చల్లే విమానం. వీపున ట్యాంకు కట్టుకుని చేలో నడిచే మన రైతుకు అది రెక్కలున్న అన్నగారు. ఒకే ఇంజను, ఒకే సీటు, సీటు ముందు మందు పోసే పెద్ద తొట్టి. సముద్రాలు దాటించేటప్పుడు ఆ తొట్టిలోనే ఇంధనం నింపడం ఇలాంటి విమానాలకు రివాజు. గట్టు మీంచి గట్టు మీదికి ఎగరడానికి పుట్టిన బండిని అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా తోలుకెళ్ళాలి. మొత్తం నాలుగు మజిలీలు.

బయల్దేరింది ఇద్దరు, రెండు సెస్నాలు. అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో డిసెంబరు 20న టేకాఫ్ తీసుకుంటుండగానే తోటివాడి విమానం కూలిపోయింది. మనిషికి దెబ్బ తగలలేదు. ప్రాక్నౌ వెనక్కి దిగి, మర్నాడు తెల్లవారకముందే ఒంటరిగా లేచాడు. చేరాల్సింది నార్ఫోక్ దీవి. ఆస్ట్రేలియాకు చెందిన ఆ దీవి విస్తీర్ణం 35 చదరపు కిలోమీటర్లు. పొడవు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు ఐదు. చుట్టూ ఎటు చూసినా వందల కిలోమీటర్ల నీళ్ళు.

ఈ మజిలీ లెక్క ఒకసారి వేసి చూద్దాం. పాగో పాగో ఉన్నది భూమధ్యరేఖకు దక్షిణంగా 14.3 డిగ్రీల దగ్గర, గ్రీనిచ్‌కు పడమరగా 170.7 డిగ్రీల దగ్గర. నార్ఫోక్ దక్షిణంగా 29, తూర్పుగా 167.9. ఒకటి పడమర, ఒకటి తూర్పు కదా అని కూడేస్తే మధ్యలో 338 డిగ్రీలు పైచిలుకు వస్తుంది. అంటే దాదాపు భూమి చుట్టూ తిరిగి వెళ్ళాలన్నమాట! నిజానికి అవి గోళం వెనకవైపు ఒకదానికొకటి ఇరుగుపొరుగు. 360లోంచి తీసేస్తే మిగిలేది 21.4 డిగ్రీలు. ఇక భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అట్లాసు మీద స్కేలు పెట్టి గీసే గీత పనికిరాదు. నారింజపండు మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య దారం బిగించి లాగండి. దారం ఎక్కడ కూర్చుంటుందో అదే దగ్గరి దారి. ఆ దారం మొత్తం గోళంలో ఎన్ని డిగ్రీలు పడుతుందో త్రికోణమితితో రాబట్టాలి. ఈ రెండు ఊళ్ళ మధ్య 24.6 డిగ్రీలు వస్తుంది.

ఇక్కడ నావికులు వెనకటికెప్పుడో చేసిపెట్టిన ఉపకారం ఒకటుంది. ఆ దారం మీద ఒక డిగ్రీకి 60 మైళ్ళు వచ్చేలా వాళ్ళు మైలును కత్తిరించుకున్నారు. నాటికల్ మైలు అంటే అదే, 1.852 కిలోమీటర్లు. కాబట్టి 24.6ను అరవైతో గుణిస్తే చాలు: సుమారు 1,480 మైళ్ళు. (ఇక్కణ్ణుంచి నేను మైలన్నప్పుడల్లా ఆ మైలే అనుకోండి.) మన కిలోమీటర్లలో 2,740. గంటకు నూరు మైళ్ళకు కాస్త అటూ ఇటూ పోయే బండికి పద్నాలుగు, పదిహేను గంటల దారి. ప్రాక్నౌ దగ్గరున్న ఇంధనం 22 గంటలకు. ఏడు గంటలు చేతిలో మిగులు. లెక్క బాగానే ఉంది.

డేట్‌లైన్ చమత్కారం కూడా ఉంది. అతను లేచింది 21వ తేదీన. దారిలో కంటికి కనబడని గీత ఒకటి దాటాడు, అవతల 22. రాత్రి గడవకుండానే తేదీ మారిపోయింది.

*

ఇంత దూరంలో చిన్న తప్పు చిన్నదిగా ఉండిపోదు. అరవై మైళ్ళకు ఒక డిగ్రీ పక్కకు పోతే ఒక మైలు తేడా అని పైలట్లకు నోటిలెక్క ఉంటుంది. 1,480 మైళ్ళకు ఆ ఒక్క డిగ్రీ పాతిక మైళ్ళవుతుంది. ఎనిమిది కిలోమీటర్ల దీవి పాతిక మైళ్ళ అవతలి నుంచి మబ్బు నీడలా కనబడితే కనబడినట్టు, లేకపోతే లేదు.

అందుకే విమానంలో ఏడీఎఫ్ అనే పరికరం ఉంటుంది. దీవి మీది రేడియో స్తంభం పంపే సంకేతాన్ని పట్టుకుని, దాని ముల్లు ఆ స్తంభం ఉన్న వైపు తిరుగుతుంది. చివరి వంద మైళ్ళలో లెక్కను పక్కనపెట్టి ముల్లు వెంట వెళ్ళిపోవడమే. ప్రాక్నౌ కూడా అలాగే వెళ్ళాడు.

చేరాల్సిన వేళయింది. కింద నీళ్ళు. ఇంకొంచెం ముందుకెళ్ళాడు. నీళ్ళే. ఆక్లాండ్ కంట్రోలుకు కబురు చెప్పాడు గానీ అప్పటికింకా కంగారు లేదు. చుట్టుపక్కల మిగతా దీవుల స్తంభాలు ఉన్నాయి, వాటిని పట్టుకుని చూస్తే తానెక్కడున్నాడో తేలిపోతుంది. ఒకటి పట్టాడు. ఇంకొకటి పట్టాడు. ముల్లు చూపిన దిక్కులకు ఒకదానితో ఒకటి పొంతన కుదరలేదు. అప్పుడర్థమైంది, ముల్లే చెడిందని. ఎప్పటి నుంచి చెడింది? ఇంతసేపూ తాను దేని వెంట వచ్చాడు?

ఎమర్జెన్సీ ప్రకటించాడు. ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్న క్షణం ఇది. ముల్లు చెడిపోవడంతో అతని దగ్గర దిక్కు పోయింది. దిక్కు పోతే వేగం ఉన్నా, గడియారం ఉన్నా, నడిచిన దూరానికి అర్థం పోతుంది. పదిహేను గంటలు ఎగిరానని కచ్చితంగా చెప్పగలడు, ఎక్కడికన్నది మాత్రం చెప్పలేడు.

*

ఆ సమయానికి ఆ వైపు గాలిలో ఉన్న ప్రయాణికుల విమానం ఒక్కటే. ఎయిర్ న్యూజిలాండ్ 103. ఫిజీలోని నాండీ నుంచి ఆక్లాండ్‌కు వెళ్తున్న డీసీ-10. (చెరకు తోటల కూలికని మద్రాసు రేవులో ఓడెక్కిన మన తెలుగువాళ్ళ వారసులున్న ఫిజీయే అది.) మూడు గంటల ప్రయాణం, 88 మంది ప్రయాణికులు, మూడు రోజుల్లో క్రిస్మస్.

కెప్టెన్ గోర్డన్ వెట్. పక్కన ఫస్ట్ ఆఫీసర్ ఆర్థర్ డోవీ. వెనక మీటర్ల గోడ ముందు ఫ్లైట్ ఇంజినీరు గోర్డన్ బ్రూక్స్. ఈ మూడో పేరు గుర్తుంచుకోండి.

ఆక్లాండ్ నుంచి కబురు వచ్చింది. తాము వెళ్ళకపోతే ఆ మనిషికి ఇంకెవరూ లేరని వెట్‌కు తెలుసు. అయితే వెళ్ళడం ఎక్కడికి? తప్పిపోయినవాడు ఎక్కడున్నాడో తెలిస్తే వాడు తప్పిపోయినవాడే కాదు. డీసీ-10 ముక్కులో ఉన్నది వానమబ్బుల్ని చూసే రాడార్. అంత చిన్న విమానాన్ని అది దూరం నుంచి పట్టలేదు.

ఇక్కడ అదృష్టం కాస్త కలిసొచ్చింది. వెట్ పాత తరం మనిషి, నావిగేటర్ చదువు చదివినవాడు. 1978 నాటికి పెద్ద జెట్లలో నావిగేటర్ కుర్చీయే ఎగిరిపోయింది, దాని పని కంప్యూటర్ పెట్టెలు చేస్తున్నాయి. నక్షత్రాలను, సూర్యుణ్ణి చూసి దారి కట్టే విద్య తెలిసినవాళ్ళు కాక్‌పిట్‌లో అరుదైపోతున్నారు. అలాంటివాడే ఇంకొకడు ఆ రోజు ప్రయాణికుల్లో కూర్చుని ఉన్నాడు. మాల్కమ్ ఫోర్‌సైత్. సంగతి తెలియగానే సాయానికి ముందుకొచ్చాడు. ప్రయాణికులకు విషయం చెప్పి, విమానాన్ని దారి మళ్ళించారు.

రేడియోలో ప్రాక్నౌ గొంతు దొరికింది. దూరాలు దాటి వచ్చే హెచ్‌ఎఫ్ తరంగం అది, గరగరలాడుతూ. గొంతు ఉంది, మనిషి లేడు. ఇద్దరికీ ఉమ్మడిగా కనబడేది ఆకాశంలో ఒక్కటే ఉంది.

"మీ విమానాన్ని సూటిగా సూర్యుడి వైపు తిప్పండి. దిక్సూచి ఎంత చూపిస్తోందో చెప్పండి."

ప్రాక్నౌ తిప్పాడు, చెప్పాడు. డీసీ-10 కూడా ముక్కును సూర్యుడికి తిప్పింది. రెండు అంకెలకూ తేడా నాలుగు డిగ్రీలు. ప్రాక్నౌకు సూర్యుడు ఆ నాలుగు డిగ్రీలు కుడివైపుకు, అంటే ఉత్తరానికి జరిగి ఉన్నాడు. వీధి చివర దీపాన్ని ఇద్దరు మనుషులు రోడ్డుకు చెరోవైపు నుంచి చూస్తున్నారనుకోండి. ఎడమ గట్టున ఉన్నవాడికి దీపం కొంచెం కుడిగా కనబడుతుంది. పడమటికి తిరిగిన మనిషికి ఎడమ దక్షిణం. కాబట్టి సెస్నా తమకు దక్షిణంగా ఉంది.

ఇక రెండో ప్రశ్న, చేయి చాచమనడం. ప్రాక్నౌకు నాలుగు వేళ్ళు, వెట్‌కు రెండు. అంటే ఒకరికి పొద్దు బెత్తెడుంది, మరొకరికి అరబెత్తెడే మిగిలింది. పొద్దు ఎక్కువ మిగిలిన చోటు పడమర. వేలి వెడల్పు చేయి బారచాచినప్పుడు ఆకాశంలో రెండు డిగ్రీల పైచిలుకు కప్పుతుంది. రెండు వేళ్ళంటే నాలుగు డిగ్రీలు, డిగ్రీకి 60 మైళ్ళు, మొత్తం 240 మైళ్ళు.

దక్షిణంగా, పడమరగా, రెండు వందల నలభై మైళ్ళ చిల్లర. సముద్రమంతా కాకుండా ఒక జిల్లా పేరు దొరికినట్టయింది.

నమ్మకం కుదరక ఇది రాసేముందు ఓ సాయంత్రం మేడ మీద చేయి చాచి కూర్చున్నాను. ఒక్కో వేలి వెనక్కి పొద్దు దిగడానికి తొమ్మిది నిమిషాల పైనే పట్టింది. నా వేళ్ళు సన్నమో, చేయి పొట్టో, ప్రతిసారీ నిమిషమో రెండు నిమిషాలో తేడా వచ్చింది. ఈ తప్పుల తడక మీద 88 మందిని వెంటబెట్టుకుని సముద్రం మీదికి మళ్ళాలంటే గుండె ధైర్యం ఒక్కటే చాలదు. తన కొలతలో తప్పు ఎంత ఉండవచ్చో కూడా తెలిసి ఉండాలి. వెట్‌కు అది తెలుసు. అందుకే ఆ ఒక్క కొలతతో ఆగలేదు.

*

డీసీ-10 నైరుతికి సాగింది. కొంతసేపటికి వీహెచ్‌ఎఫ్ రేడియోలో ప్రాక్నౌ మాట వినబడింది, ఈసారి గరగర లేకుండా. ఈ తరంగం సూటిగా పోతుంది, భూమి వంపు దాటి వంగదు. అంత ఎత్తున ఎగిరే విమానానికి రెండు వందల మైళ్ళ వరకు అందుతుంది. కాబట్టి మాట వినబడిందంటే మనిషి రెండు వందల మైళ్ళలోపు ఉన్నట్టే లెక్క.

మరి ఆ వలయంలో ఎక్కడ? దీనికి చెవులతో పెట్టె కట్టడమనే పాత పద్ధతి ఒకటుంది. చీకట్లో గుడి గంట ఎక్కడ మోగుతోందో వెతికేవాడి పని లాంటిదే. అవతలివాడు ఒకేచోట చుట్లు కొడుతూ మాట్లాడుతూ ఉంటాడు. ఇవతలివాడు తిన్నగా ఎగిరి, గొంతు ఎక్కడ తెగిపోయిందో మ్యాపు మీద చుక్క పెడతాడు. వెనక్కి తిరిగి, మళ్ళీ గొంతు అందిన చోట ఇంకో చుక్క, మళ్ళీ తెగిన చోట ఇంకొకటి. చుక్కలన్నీ ఒకే వలయం అంచు మీద పడతాయి. అంచు తెలిస్తే నడిబొడ్డు ఎక్కడో గీసి పట్టుకోవచ్చు.

ఈలోగా పొద్దు గుంకే వేళయింది. చీకటి పడితే వెతుకులాట కష్టమని మనం అనుకుంటాం. వెట్ మాత్రం ఆ అస్తమయాన్నే ఒక కొలతగా వాడుకున్నాడు.

దీనికి మన పంచాంగమే సాయం. హైదరాబాద్‌లో కంటే విశాఖపట్నంలో పొద్దు సుమారు 19 నిమిషాల ముందు గుంకుతుంది. భూమి 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు పడితే ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. 19 నిమిషాలంటే పావు తక్కువ ఐదు, అంటే 4.75 డిగ్రీలు. రెండు ఊళ్ళూ దాదాపు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి, ఆ గీత మీద డిగ్రీకి 57 మైళ్ళు. గుణిస్తే 271 మైళ్ళు, కిలోమీటర్లలో ఐదు వందల పైచిలుకు. శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి గాలిదారి దూరం అంతే. రెండు ఊళ్ళలో ఇద్దరు మనుషులు, రెండు గడియారాలు, ఒక ఫోన్ కాల్ ఉంటే టేపు లేకుండా దూరం కొలవవచ్చు.

వెట్ చేసింది అదే. సూర్యుడి పైఅంచు నీళ్ళలో కలిసిన నిమిషం చెప్పమన్నాడు ప్రాక్నౌను. డీసీ-10లోంచి చూస్తే కుదరదు. పది కిలోమీటర్ల ఎత్తున ఉన్నవాడికి పొద్దు పది నిమిషాల పైనే ఆలస్యంగా గుంకుతుంది. కింద ఎగిరేవాడి కన్నే కావాలి. అటు నార్ఫోక్ దీవిలో పొద్దు ఎప్పుడు గుంకిందో రేడియోలో తెప్పించుకున్నారు.

తేడా 22 నిమిషాల 30 సెకన్లు. నాలుగుతో భాగిస్తే 5.6 డిగ్రీలు. ఆ అక్షాంశం మీద డిగ్రీకి 52 మైళ్ళు. 290 మైళ్ళు పైచిలుకు. పొద్దు ముందు గుంకింది ప్రాక్నౌకే కనుక అతను నార్ఫోక్‌కు తూర్పున ఉన్నాడు.

ఇంతసేపూ ఆ మనిషి ఎక్కడున్నాడని ఆకాశమంతా వెతుకుతుంటే, సూర్యుడు పోతూ పోతూ చెప్పిపోయాడు. చేరాల్సిన ఊరికీ అతనికీ మధ్య ఎంత దూరముందో, ఎటు వెళ్ళాలో మొదటిసారి ఒక అంకె దొరికింది. ఇక మిగిలింది ఆ దూరానికి సరిపడా ఇంధనం ఉందా అన్నది.

*

చీకటి. కింద నల్లటి నీళ్ళు, పైన నల్లటి ఆకాశం. ఒంటి ఇంజను మోత. గంటల తరబడి కదలకుండా కూర్చున్న కాళ్ళు. పేజీకొక నాటకం రాయాలనిపించే ఘట్టమే గానీ, ఆ చీకట్లో అతనేం అనుకున్నాడో రాయడానికి నాకు హక్కు లేదు. అతనికి కనబడింది రాస్తాను. దూరంగా, నీళ్ళ మట్టాన, వెలుగు.

అటు తిప్పాడు. ఓడ కాదది. సముద్రంలో చమురు తవ్వే రిగ్గు, పేరు పెన్‌రాడ్. న్యూజిలాండ్ నుంచి సింగపూర్‌కు టగ్గుతో లాక్కెళ్తున్నారు. అంత సముద్రంలో, ఆ రాత్రి, ఆ దారిలో. కాకతాళీయం అనే మాటను మనం ఊరికే వాడేస్తుంటాం, ఇలాంటిచోట వాడటానికి దాచుకోవాల్సింది.

రిగ్గువాళ్ళు తామున్న చోటు చెప్పారు: దక్షిణంగా 31 డిగ్రీలు, తూర్పుగా 170 డిగ్రీల 21 నిమిషాలు. నార్ఫోక్‌కు లెక్క కడితే 170 మైళ్ళు కాస్త అటూ ఇటూ. సెస్నాకు గంటా ముప్పావు దారి.

ప్రాక్నౌ ముందు రెండు దారులున్నాయి. ఆ దీపాల పక్కనే నీళ్ళలో దిగిపోవడం. అక్కడ మనుషులున్నారు, ఎవరో ఒకరు చూస్తారు. కానీ లోపలికి ముడుచుకోని చక్రాల విమానం రాత్రిపూట సముద్రపు అలల మీద దిగితే బోర్లా పడకుండా ఉండటం కష్టం. లేదా, ఆ దీపాలను వెనక వదిలేసి మళ్ళీ చీకట్లోకి వెళ్ళడం. ఇంధనం లెక్క సరిపోతుందని నమ్మి, రిగ్గువాళ్ళు చెప్పిన చోటు నిజమని నమ్మి, నార్ఫోక్ పడమరనే ఉందని తేల్చిన సూర్యుడి లెక్కను నమ్మి.

వెళ్ళాడు. ఈసారి దారి చెప్పడానికి పైన డీసీ-10 ఉంది.

ఉన్న ఇంధనం 22 గంటలకని మొదట లెక్క కట్టింది. అది నిండు బరువుతో మామూలు వేగానికి వేసిన లెక్క. బరువు తగ్గేకొద్దీ ఇంజను తాగేదీ తగ్గుతుంది, పొదుపుగా తోలేవాడు ఇంకొంచెం సాగదీయగలడు. పద్నాలుగు, పదిహేను గంటలకు చేరాల్సిన మజిలీకి ప్రాక్నౌ 23 గంటల 5 నిమిషాలు గాలిలో ఉన్నాడు. నార్ఫోక్ రన్‌వే మీద చక్రాలు ఆనాయి. డీసీ-10 తన 88 మందితో ఆక్లాండ్‌కు మళ్ళింది, గంటల ఆలస్యంతో. ఈ కథను 1993లో అమెరికాలో టీవీ సినిమా తీశారు. అందులో ప్రాక్నౌగా స్కాట్ బకులా, కెప్టెన్‌గా రాబర్ట్ లోజియా నటించారు.

*

కథ ఇక్కడితో ఆపితే బాగుంటుంది. నేనూ మొదట అక్కడే ఆపాను. కానీ పేరొకటి గుర్తుంచుకోమన్నాను కదా.

పదకొండు నెలల తర్వాత, 1979 నవంబరు 28న, అదే సంస్థకు చెందిన మరో ప్రయాణం. నంబరు 901. డీసీ-10 విమానమే. ఆక్లాండ్ నుంచి అంటార్కిటికా దాకా వెళ్ళి, మంచు ఖండాన్ని కిటికీల్లోంచి చూపించి వెనక్కి తీసుకొచ్చే విహారయాత్ర. దారంతా అక్షాంశ రేఖాంశాల అంకెలుగా కంప్యూటర్‌లో ఉంటుంది. పైలట్లకు ముందే చూపించిన దారిలో చివరి గుర్తు తూర్పుగా 164 డిగ్రీల 48 నిమిషాల దగ్గరుంది, విశాలమైన మెక్‌మర్డో సౌండ్ మీదుగా. బయల్దేరడానికి కొన్ని గంటల ముందు నేల మీది కంప్యూటర్‌లో ఆ అంకెను 166 డిగ్రీల 58 నిమిషాలుగా మార్చారు. విమానం నడిపేవాళ్ళకు చెప్పలేదు.

తేడా రెండు డిగ్రీల 10 నిమిషాలు. భూమధ్యరేఖ దగ్గరైతే అది 130 మైళ్ళు, ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనబడేది. ధ్రువం దగ్గరికి పోయేకొద్దీ నిలువుగీతలన్నీ దగ్గరికి ముడుచుకుంటాయి. అక్కడ అదే తేడా 27 మైళ్ళు. ఆ 27 మైళ్ళ పక్కన ఎరెబస్ పర్వతం ఉంది. తెల్లటి మబ్బు కింద తెల్లటి మంచువాలు కంటికి ఆనలేదు. విమానంలోని 257 మందీ పోయారు.

ఆ పైలట్ల తప్పేనన్న మాటను గోర్డన్ వెట్ ఒప్పుకోలేదు. తెలుపులో తెలుపు కలిసిపోయి ఎదురుగా ఉన్న కొండ కంటికి బయలుగా ఎలా కనబడుతుందో ఏళ్ళ తరబడి తవ్వి, 1983లో 'ఇంపాక్ట్ ఎరెబస్' అనే పుస్తకం రాశాడు. ఆయనకది ఒక సాంకేతిక వివాదం మాత్రమే కాదు. 901లో ఇద్దరు ఫ్లైట్ ఇంజినీర్లున్నారు. వాళ్ళలో ఒకరు గోర్డన్ బ్రూక్స్.